పరీక్షనాళిక పిల్లల చేతికివ్వండి

హైస్కూలు పిల్లలకు కెమిస్ట్రీ ప్రయోగాలు అక్కర్లేదన్న మాటను ఇప్పుడు ఎవరూ తటపటాయిస్తూ అనడం లేదు. కాశీబుగ్గ బజారులో అంటున్నారు, టెక్కలి బస్టాండులో అంటున్నారు, బడిలో తల్లిదండ్రుల సమావేశంలో మైకు పట్టుకుని మరీ అంటున్నారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో భౌతిక, రసాయన శాస్త్రాలకు కలిపి 50 మార్కుల రాత పేపరే తప్ప ప్రాక్టికల్ లేదు. తరగతి గదిలోకి పెద్ద డిజిటల్ ప్యానెల్ వచ్చింది, ఏ ప్రయోగమైనా దాని మీద చూపించొచ్చు. యాసిడ్‌తో పిల్లలు చేతులు కాల్చుకుంటే జవాబుదారీ ఎవరు? అంతగా కావాలంటే ఇంటర్‌లో ల్యాబ్ ఉండనే ఉంది. వాదన మొత్తం ఇంతే.

"మా గుంటడికి ట్రిపుల్ ఐటీలో సీటొస్తే చాలు మేస్టారూ, ఈ గొట్టాలూ గరాటులూ ఎందుకు?" అని అడిగే తండ్రి మీద నాకు కోపం లేదు. ఎచ్చెర్ల దగ్గరున్న ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కులను బట్టే వస్తుంది. జీడితోటలో కూలికెళ్లే మనిషి కొడుకు భవిష్యత్తు గురించి వేసుకున్న లెక్క అది, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నా కోపమంతా ఆ లెక్కను అడ్డం పెట్టుకుని ప్రయోగశాల గదిని స్టోరురూముగా మార్చేసిన చదువుకున్న వాళ్ల మీద. ఏది అనవసరమో వాళ్లు తేల్చేశారు. ఎవరికి అనవసరమో మాత్రం అడగలేదు.

నా వాదన ఒక్కటే. తాగే నీళ్ల నుంచి రక్త పరీక్ష కాగితం దాకా బతుకంతా రసాయన శాస్త్రంతో ముడిపడి ఉన్న ప్రాంతం ఉద్దానం. ఇక్కడి పిల్లలకు కొలవడం నేర్పకపోతే, జీవితాంతం ఎవరో కొలిచి చెప్పిన అంకెను నమ్మడమో, దానికి భయపడడమో తప్ప వాళ్లకు మూడో దారి ఉండదు.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఉద్దానంలోని ఈ ఏడు మండలాల్లో, కిడ్నీలు పాడైతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ అన్న మాట బడి ముఖం చూడని ముసలమ్మకు కూడా తెలుసు. రచ్చబండ దగ్గర, కొబ్బరితోటలో, పెళ్లి భోజనాల దగ్గర ఆ అంకెలు చెప్పుకుంటారు. ఒకరికి మూడు, ఒకరికి ఐదు దాటింది, ఇంకొకరు డయాలసిస్‌కు వెళుతున్నారు. అంతుచిక్కని ఈ కిడ్నీ జబ్బు మీద రెండు దశాబ్దాలకు పైగా పరిశోధనలు నడుస్తున్నాయి. నీటిలో సిలికా అన్నారు, ఫ్లోరైడ్ అన్నారు, భారలోహాలన్నారు, తోటల్లో కొట్టే పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీ అన్నారు, వంశపారంపర్యం అన్నారు. ఫలానాదే కారణమని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని ఈ మండలాలకు పైపుల్లో తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకాన్నీ అదే రోజు ప్రారంభించారు. ఈ రెండింటి కోసం ఇక్కడి జనం ఏళ్ల తరబడి పోరాడారు. రెండూ కావలసినవే.

కానీ ఆ క్రియాటినిన్ అంకె ఎలా పుడుతుందో ఉద్దానంలో ఏ బడి చెబుతోంది? మాక్స్ యాఫే అనే జర్మన్ శాస్త్రవేత్త 1886లో ఒక సంగతి గమనించాడు. క్షార ద్రావణంలో పిక్రిక్ ఆమ్లంతో క్రియాటినిన్ కలిస్తే నారింజ, ఎరుపుల మధ్య రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే క్రియాటినిన్ అంత ఎక్కువ. ఇన్నేళ్లు గడిచినా చాలా ల్యాబుల్లో నేటికీ అదే సూత్రం. యంత్రం ఆ రంగు చిక్కదనాన్ని కొలిచి అంకెగా మార్చి కాగితం మీద అచ్చు వేస్తుంది. రక్తంలో చక్కెర, కీటోన్లు బాగా పెరిగినా ఆ రంగు మీద కొంత ప్రభావం పడొచ్చు. ఒకే మనిషికి రెండు ల్యాబుల్లో కాస్త తేడాగా రావడం వింతేమీ కాదు. ఇది తెలియని ఇంట్లో 1.3 కాస్తా 1.5 అయితే ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. ఇంకోచోట 1.2 వస్తే జబ్బు తగ్గిందనుకుని డాక్టరు దగ్గరకు వెళ్లడం మానేసే ప్రమాదమూ ఉంది.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె మైలుతుత్తం ద్రావణాన్ని నాలుగు గొట్టాల్లో వరసగా పలచన చేసిందనుకోండి. ఐదో గొట్టంలో మాస్టారు ఎంతుందో చెప్పని ద్రావణం పోశారు. ఆ నీలం రంగు ఏ రెండు గొట్టాల మధ్య పడుతుందో వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, ఆమె ఒక అంకె రాసింది. పక్క బెంచీ పిల్ల మరో అంకె రాసింది. ఇద్దరిలో ఎవరిది సరైనదో తేల్చుకోవడానికి మళ్లీ కలిపారు, మళ్లీ చూశారు. ఆ మధ్యాహ్నం తర్వాత వాళ్ల నాన్న రక్త పరీక్ష కాగితం ఆ పిల్లకు కనబడే తీరు మారిపోతుంది. అంకె వెనుక ఒక రంగు ఉందని, రంగును చదవడంలో తేడాలుంటాయని, ఒక్కసారి వచ్చిన దాని కంటే మూడుసార్లు కొలిచి చూసుకున్నదే నమ్మదగినదని ఆమెకు స్వానుభవంతో తెలుస్తుంది. ఏ పాఠం చదివితే వస్తుంది ఈ తెలివి?

పిల్లలు బీకర్లు పట్టుకుని కిడ్నీ జబ్బు కారణం కనిపెట్టేస్తారని నేను అనడం లేదు. పెద్ద పెద్ద సంస్థలకు చిక్కనిది హైస్కూలు ల్యాబులో దొరకదు. నేనంటున్నది అంతకంటే చిన్నదీ, వెంటనే చేయగలిగినదీ. ఉద్దానంలో ఊరూరా ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. నీళ్లు మంచివో కావో చెప్పడానికి జేబులో పట్టే టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపిస్తారు. అంకె తక్కువగా ఉంటే నీళ్లు మంచివని అందరి నమ్మకం. నిజానికి ఆ మీటరు నీటిలో కరిగినవాటిని తూచదు. నీటి గుండా విద్యుత్తు ఎంత సులువుగా పోతోందో చూసి, దాన్నిబట్టి ఒక లెక్క చూపిస్తుంది. అయాన్లుగా విడిపోయే లవణాలే దానికి దొరుకుతాయి. మామూలు నీటిలో కరిగిన సిలికా చాలా వరకు ఆవేశం లేని సిలిసిక్ ఆమ్లం అణువులుగానే ఉంటుంది కాబట్టి మీటరుకు దాదాపు కనబడదు. పురుగుమందు అవశేషాలను పట్టుకోవడమూ దానివల్ల కాదు. ఇన్నేళ్లుగా ఈ నీటిలో అనుమానిస్తున్నవాటిలో కనీసం రెండింటి గురించి ఆ అంకె ఏమీ చెప్పదన్నమాట.

ఇది తెలుసుకోవడానికి ఖర్చెంత? ఒక గ్లాసు నీళ్లలో చెంచాడు ఉప్పు, మరో గ్లాసులో చెంచాడు పంచదార. మీటరు ముంచితే ఉప్పు గ్లాసులో అంకె ఎగిరిపోతుంది. పంచదార గ్లాసులో దాదాపు కదలదు, చెంచాడు పంచదార కరిగి ఉన్నా సరే. పదో తరగతి పుస్తకంలో ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠంలో ఇదే సంగతి కృత్యంగా ఉంది: ఆమ్ల ద్రావణంలో బల్బు వెలుగుతుంది, గ్లూకోజ్ ద్రావణంలో వెలగదు. మన పిల్లలు దాన్ని చదువుతారు, ప్యానెల్ మీద చూస్తారు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఇంటికెళ్లి టీడీఎస్ మీటరు అంకె చూసి నీళ్లు మంచివేనని నమ్ముతారు. ప్రయోగం లేని చదువు ఎక్కడ తెగిపోతుందో చూపడానికి ఇంతకంటే రుజువు వెతకనక్కర్లేదు. వీడియోలో బల్బు వెలగకపోవడం చూసిన పిల్లవాడికి ఆ బల్బుకూ తన ఇంటి బిందెకూ సంబంధం తట్టలేదు.

2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు, ఆ మరుసటి ఏడాది నుంచి హైస్కూళ్ల గోడలకు ప్యానెళ్లు ఎక్కించారు. ప్యానెల్‌తో నాకు పేచీ లేదు. సోడియం ముక్కను నీటిలో వేస్తే ఏమవుతుందో, అణువుల అమరిక ఎలా ఉంటుందో తెర మీద చూపడమే మంచిది. పేచీ అంతా తెర ఉంది కాబట్టి గొట్టం అక్కర్లేదన్న దానితోనే. వీడియోలో ఆమ్లంలోకి క్షారం చుక్కలు పోస్తుంటే ఫినాఫ్తలీన్ ప్రతిసారీ సరిగ్గా రావలసిన చుక్క దగ్గరే గులాబీ రంగుకు తిరుగుతుంది. పిల్ల చేతిలో తిరగదు. మొదటిసారి చుక్కలు ఎక్కువ పడి ముదురు గులాబీ అయిపోతుంది, రెండోసారి 9.6 మిల్లీలీటర్లు, మూడోసారి 10.1. ఏది రాయాలి? సరిపోలేవరకు మళ్లీ చేయాలా, పక్కవాడి కాగితం చూడాలా? సైన్సులో నిజాయితీ నేర్పే క్షణం ఇదొక్కటే, ఇది తెర మీద ఎన్నటికీ రాదు. ఎందుకంటే తెర తప్పు చేయదు.

టెక్కలి పక్కన నౌపడ ఉప్పు మడులున్నాయి. ఎన్ని తరాలుగానో అక్కడ జరుగుతున్నది అచ్చమైన రసాయన శాస్త్రం. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, అన్నీ మనం తినే ఉప్పు కావు. నీరు మడి నుంచి మడికి మారుతూ చిక్కబడే కొద్దీ ముందు కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం, అడుగుకు దిగుతుంది. నీటి చిక్కదనాన్ని కొలిచే బామే మీటరు 25 డిగ్రీల దగ్గరకొస్తే ఉప్పు పేరుకోవడం మొదలవుతుంది. 29, 30 దాటేవరకు ఆ నీటిని ఉంచితే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది, గాలిలో తేమ పీల్చి కారిపోతుంది. అందుకే మిగిలిన చేదు నీటిని ముందే బయటకు తోలేస్తారు. ఇంత సంగతి తెలిసిన మనుషుల పిల్లలు బడిలో 'స్ఫటికీకరణం' నిర్వచనాన్ని రెండు మార్కుల కోసం బట్టీ పడుతున్నారు. వాళ్ల చేతికి లీటరు సముద్రపు నీళ్లిచ్చి వడకట్టి మరగబెట్టమనండి. మొత్తం ఇగరబెట్టేస్తారు. వచ్చిన ఉప్పు చేదుగా, తడితడిగా ఉంటుంది. మడిలో ఉప్పు ఎందుకు బాగుంది, నాది ఎందుకు పాడైంది అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. తప్పు చేయడానికి వీలున్న చోట మాత్రమే ఆ ప్రశ్న పుడుతుంది.

ఇక ప్రమాదం సంగతి. పిల్లల భద్రత గురించి ఎవరు మాట్లాడినా నేను వింటాను, కానీ ఈ మాట పట్టుకుని ల్యాబుకు తాళం వేసేవాళ్లు ఇంటి సంగతి ఆలోచించారా? ప్రతి కిరాణా కొట్లో బాత్‌రూమ్ యాసిడ్ సీసా దొరుకుతుంది, అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తుపాను వచ్చిన ప్రతిసారీ బావుల్లో చల్లడానికి బ్లీచింగ్ పౌడరు వస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడి కొబ్బరి, జీడి తోటలను పడగొట్టిన తర్వాతి రోజులు ఎవరూ మరిచిపోలేదు. ఆ యాసిడ్‌నూ ఆ పౌడరునూ ఒకే బక్కెట్లో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపులు మూసిన గదిలో అది ప్రాణాలు తీయగలదు. పలాస, కాశీబుగ్గల్లో రెండు వందలకు పైగా జీడి పరిశ్రమలున్నాయి. జీడి పిక్కల పెంకులోని నూనెలో ఉండే అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మాన్ని పొక్కులెక్కిస్తాయి. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూస్తే ఎవరూ వివరించనక్కర్లేదు. వేడి చేస్తే ఆ అనకార్డిక్ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి కార్డనాల్ మిగులుతుందని, బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో దాన్ని వాడతారని, ఆ ఊరి పిల్లలకు ఎవరైనా చెప్పారా? రసాయనాల మధ్య పుట్టి పెరిగే పిల్లలను రసాయనాల నుంచి కాపాడుతున్నామని చెప్పి బడిలో మాత్రం వాటిని ముట్టనివ్వకపోవడం రక్షణ కాదు. గాఢ ఆమ్లాన్ని ఎలా పలచన చేయాలో, నీటిలోకి ఆమ్లాన్ని పోయాలే తప్ప ఆమ్లంలోకి నీటిని ఎందుకు పోయకూడదో, కంటికి అద్దాలు ఎందుకు పెట్టుకోవాలో పర్యవేక్షణలో నేర్చుకునే చోటు బడి ఒక్కటే.

పైగా హైస్కూలు ప్రయోగాలకు గాఢ ఆమ్లాలు పిల్లల చేతికి రావలసిన పనే లేదు. మాస్టారు ముందే పలచన చేసి పెడతారు. చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో చుక్కలతోనే ప్రయోగాలు చేయించే పద్ధతి ప్రపంచమంతటా ఉంది. దక్షిణాఫ్రికాలో విట్వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ల్యాబులు లేని బడుల కోసమే అలాంటి కిట్లు తయారుచేశారు, యునెస్కో వాటిని అనేక దేశాలకు తీసుకెళ్లింది. మన దగ్గరే చూడండి. నీటిని కిట్‌తో పరీక్షించడం ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నేర్పాలని జల్ జీవన్ మిషన్ నిర్ణయించింది. ఊళ్లో తల్లికి నమ్మి ఇవ్వగల కిట్‌ను బడిలో టీచరు ఎదుట కూర్చున్న కూతురికి ఇవ్వడానికి భయమెందుకు?

ఇంటర్‌లో ఎలాగూ చేస్తారన్నది వినడానికి సబబుగానే ఉంటుంది, అందుకే ఇది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తోంది. ఎంపీసీ, బైపీసీ తీసుకున్నవాళ్లే ఇంటర్‌లో ల్యాబు ముఖం చూస్తారు. మిగతా గ్రూపుల వాళ్లకు, పదితో చదువు ఆపేసి విశాఖకో హైదరాబాద్‌కో గల్ఫ్‌కో వలసపోయేవాళ్లకు, పెళ్లయి వెళ్లిపోయే ఆడపిల్లలకు జీవితంలో చిట్టచివరి కెమిస్ట్రీ పదో తరగతిదే. ఉద్దానంలో అలాంటివాళ్లు తక్కువేమీ కాదు. పురుగుమందు డబ్బా మీద రాసింది చదివి కలపవలసింది వాళ్లు, ఆర్వో నీళ్లు కొనవలసింది వాళ్లు, రక్త పరీక్షల కాగితాలు దాచుకోవలసింది వాళ్లు. ఇంజనీరు కాబోయేవాడికి ల్యాబు ఇచ్చి వీళ్లకు వద్దనడం ఏ న్యాయం? ఇంటర్‌లో అయినా జరుగుతున్నదేమిటి? ఎన్నో కాలేజీల్లో లవణ విశ్లేషణ అంటే ఏ లవణం వస్తుందో ముందే తెలుసుకుని రికార్డు నింపడం. ముందు జవాబు రాసుకుని తర్వాత రీడింగులు వెనక్కి కట్టుకోవడం. బ్యూరెట్టు మొదటిసారి ముట్టుకునేది మార్కుల కోసమే అయినప్పుడు ఇంకేం జరుగుతుంది? ఎంట్రన్సుల దృష్టితో మాట్లాడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. 2024 నుంచి నీట్, జేఈఈ మెయిన్ రెండింటి సిలబస్‌లోనూ ప్రాయోగిక రసాయన శాస్త్రపు సూత్రాలు ఒక యూనిట్‌గా ఉన్నాయి.

ల్యాబుల వల్ల పెద్ద ప్రయోజనం లేదని విదేశీ అధ్యయనాలే చెప్పాయని కొందరు చదువరులు అంటారు. 2006లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రచురించిన నివేదికను వాళ్లు పూర్తిగా చదవాలి. పాఠానికి సంబంధం లేకుండా, చెప్పిన వరసలో చేసి వెళ్లిపోయే ల్యాబుల వల్ల ఒరిగేది తక్కువని అది ఒప్పుకుంది. పాఠంతో కలిపి నడిపి, చేసినదాన్ని చర్చిస్తే ఫలితం బాగుందనీ అదే నివేదిక చెప్పింది. ల్యాబులను బాగుచేయమన్న మాటను ల్యాబులు మూసేయమన్న మాటగా చదవడం తప్పు.

పేద బడులకు ఇవి సాధ్యం కావన్నవాళ్లు మధ్యప్రదేశ్ చరిత్ర చూడాలి. 1972లో హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 16 గ్రామీణ బడుల్లో ప్రయోగాల ద్వారానే సైన్సు బోధించడం మొదలుపెట్టాయి. తర్వాత 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దాన్ని నడిపింది. సాదా కిట్లు, శిక్షణ పొందిన మామూలు ప్రభుత్వ టీచర్లు. ఎనిమిదో తరగతి పరీక్షలో పిల్లలు పుస్తకం దగ్గర పెట్టుకుని రాసేవారు, ప్రయోగం చేసి చూపేవారు. అది దాదాపు వెయ్యి బడులకు పాకింది. 2002లో ప్రభుత్వం ఆపేసే వరకు ముప్పై ఏళ్లు నడిచింది. మన రాష్ట్రంలోనే కుప్పం కేంద్రంగా అగస్త్య ఫౌండేషన్ వ్యాన్లలో ప్రయోగాలు పెట్టుకుని ఊళ్లు తిరుగుతోంది. మన బడుల్లో ప్రయోగాలు డబ్బు లేక ఆగిపోయాయనడం నిజం కాదు. గోడకు ఎక్కించిన ఒక్క ప్యానెల్ ఖరీదుతో ఒక బడికి కొన్నేళ్లకు సరిపడా గాజు సామాను వస్తుంది.

అసలు అడ్డంకి మరొకటుంది, దాన్ని టీచర్లు పైకి చెప్పుకోలేరు. బీకరు పగిలితే స్టాక్ రిజిస్టరులో లెక్క చెప్పాలి. పగిలిన ప్రతి గొట్టానికీ సంజాయిషీ రాయవలసిన చోట ఏ టీచరు బీరువా తెరుస్తాడు? అటెండరు లేడు, వరసగా రెండు పీరియడ్లు దొరకవు, సింకులో నీళ్లు రావు, పైగా నెలనెలా మార్కుల సమీక్ష. టీచర్లు బద్ధకస్తులనే వాళ్లు ఈ బీరువా ముందు ఒకసారి నిలబడి చూడాలి.

కాబట్టి అడగవలసింది ఇది. ఏటా కొంత గాజు సామాను పగులుతుందని ముందే ఒప్పుకుని, సంజాయిషీ అడగకుండా రిజిస్టరు నుంచి కొట్టేయాలి. వారానికి ఒకసారి జంట పీరియడ్ ఇవ్వాలి. పబ్లిక్ పరీక్షలో పది మార్కులు ప్రయోగానికి పెట్టాలి, రికార్డు పుస్తకానికి మాత్రం ఒక్క మార్కూ వద్దు. టేబుల్ మీద పేరు లేని మూడు గొట్టాలు పెట్టి, ఏది ఆమ్లమో, ఏది క్షారమో, ఏది ఉప్పునీరో తేల్చమనాలి. టెక్కలిలో డిగ్రీ కళాశాల ఉంది, ఇంజనీరింగ్ కళాశాల ఉంది. వాళ్ల కెమిస్ట్రీ విభాగాలు చుట్టుపక్కల హైస్కూళ్లను దత్తత తీసుకుని ద్రావణాలు తయారుచేసి ఇవ్వొచ్చు, తాసును సరిచూసి పెట్టొచ్చు.

ప్రతి హైస్కూల్లోనూ ఒక నీళ్ల పుస్తకం ఉండాలి. ఏటా వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి పిల్లలు తమ ఊరి బావుల నుంచి, బోర్ల నుంచి, కుళాయి నుంచి, ఆర్వో ప్లాంటు నుంచి నీళ్లు తేవాలి. పది మిల్లీలీటర్ల నీటికి నురగ నిలవడానికి ఎన్ని చుక్కల సబ్బు ద్రావణం పట్టిందో లెక్కపెట్టి కాఠిన్యం అంచనా కట్టాలి. లీటరు నీటిని ఇగరబెట్టి గిన్నెలో మిగిలిన తెల్లటి పొడిని తూచాలి. భారత ప్రమాణం ప్రకారం మామూలుగా అది అర గ్రాము దాటకూడదు, వేరే నీరు దొరకని చోట రెండు గ్రాముల వరకు సరిపెట్టుకోవచ్చు. మీటరు అంకెను పక్కనే రాసి రెండింటికీ తేడా ఎంతో చూడాలి. ఫ్లోరైడ్‌ను కిట్‌తో పరీక్షించాలి. ఎవరు కొలిచారో, ఏ రోజు కొలిచారో, ఎన్నిసార్లు కొలిచారో ఆ పుస్తకంలో ఉండాలి. ఇంజనీర్లు వంశధార నీటి గురించి చెప్పే లెక్కలనూ, ఆర్వో ప్లాంటువాళ్లు చూపే అంకెలనూ ఊరివాళ్లు ఆ పుస్తకం తెరిచి పోల్చి చూసుకోగలగాలి.

అన్ని బడుల్లోనూ ఒకేసారి సాధ్యం కాదంటే కవిటిలో రెండు, వజ్రపుకొత్తూరులో రెండు, నౌపడ దగ్గర ఒకటి, మొత్తం ఐదు బడులతో వచ్చే జూన్‌లో మొదలుపెట్టండి. హోషంగాబాద్‌లో పదహారుతోనే మొదలైంది.